గ్లాసు తొణకని బ్రేకు

సిగ్నల్ దగ్గర కుర్చీల వ్యాను ఆగింది. దాని వెనకున్న ఆమె కారు ఆగలేదు. ఆగలేదనడం కూడా సరికాదు. ఆగుతూ ఆగుతూ వెళ్లి, చాలా మర్యాదగా, వ్యాను వెనక తగిలింది. ముందు బంపరు చీలింది, ఒక లైటు పగిలింది. వ్యాను మీద కట్టిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకటి తాడు వదిలించుకుని జారి, కారు బానెట్ మీద నాలుగు కాళ్లూ ఆనించి నిలబడింది.

పక్క సీట్లో అత్తగారున్నారు. ఆవిడ బెల్టు ఒరుసుకున్న భుజం ఒకసారి తడుముకుని, చేతిసంచి తీసుకుని, తలుపు తెరిచి దిగారు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి. నేలకి ఆనినట్టుండే ఆ సీట్లోంచి లేవాలంటే ప్రతిసారీ కోడలు చెయ్యి అందించాల్సిందే. ఆ రోజు మాత్రం తలుపు పట్టుకుని ఒక్కరే లేచారు. లేచి, వెనక్కి చూడకుండా బస్టాపు వైపు నడిచారు.

కుర్చీని బానెట్ మీంచి దించుతూ ఆమె ఆ నడకనే చూసింది. వ్యాను డ్రైవరు ఏదో అరుస్తున్నాడు. ఆ మాటలు ఆమెకి తర్వాత గుర్తు రాలేదు.

అది మామగారి కారు. రెండే సీట్ల పచ్చ స్పోర్ట్స్ కారు. ఆయన పోయాక తాళంచెవి కొడుక్కి వెళుతుందనుకున్నారు అందరూ. అత్తగారు కోడలికిచ్చారు. "వాడు కారు నడపడు, కారుతో పోట్లాడతాడు" అన్నారు. అప్పట్నుంచి ప్రతి వారం ఆవిడని ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం ఆమె పని. మొదటి వారం ఇంటికి తిరిగొచ్చి దిగుతూ, "అమ్మాయ్, నీ పక్కన కూర్చుంటే ఒళ్లో నిండు గ్లాసు పెట్టుకోవచ్చు. చుక్క తొణకదు" అన్నారు.

ఆవిడ మెచ్చుకోవడం అరుదు. చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషన్ల చప్పుడులో ఎవరి చిటికెనవేలు సరిగా నొక్కడం లేదో గోడ అవతల కూర్చుని కూడా పట్టేసేవారట. అలాంటి మనిషి నోట వచ్చిన మాట. ఆమె ఆ మాటని ఎక్కడ దాచుకుందో ఆమెకే తెలియదు.

గుద్దిన రోజు సాయంత్రం భోజనాల బల్ల దగ్గర భర్త కారు సంగతి ఎత్తాడు.

"మా ఆఫీసులో ఒకాయన ఆ కారు మీద ఎప్పట్నుంచో కన్నేశాడు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఏమంటావమ్మా?"

"కారు బాగుంది. నేను మాత్రం అందులో కూర్చోను."

"అంటే అమ్మేద్దామనేగా?"

"నేనలా అన్లేదు. అది ఆగుతుందని చూపిస్తే ఉంచుకోమను. లేదంటే ఆదివారం వచ్చేవాడికి తాళంచెవి ఇచ్చెయ్."

కోడలు ఎదురుగానే కూర్చుని ఉంది. అయినా 'ఉంచుకోమను' అని కొడుకుతో చెప్పారు. ఆ ఒక్క క్రియాపదం ఆమెని ఆ రాత్రంతా నమిలింది.

కారు పోతే బాధేనా అని తనని తాను అడిగి చూసుకుంది. పోతే పోయింది, ఇనుమే కదా. పోగూడనిది పక్క సీటు. ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక బల్లో, తలుపో, భర్తో ఉంటారు. కారులో భుజానికీ భుజానికీ జానెడు దూరం. ఎదురెదురుగా చూసుకోనక్కర్లేదు కనక అత్తగారు ఏవేవో చెప్పేవారు: మామగారి గురక, ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చిన ప్రేమికులు, చిన్నప్పుడు తను సైకిల్ నేర్చుకుంటూ పడిన చోటు. ఇంటి మెట్లెక్కగానే ఆ గొంతు మారిపోయేది. ఇప్పుడావిడ బస్సులో వెళతారు. బస్సులో పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు.

కాబట్టి కారు ఆగాలి. ఆదివారం లోపల.

బ్రేకులు బాగుచేసే మేస్త్రిని అందరూ నిదానం అంటారు. ఏది అడిగినా ముందు "నిదానం, నిదానం" అంటాడు గనక. షెడ్డు గోడ నిండా అరిగిపోయిన బ్రేకు డిస్కులు మేకులకి వేలాడదీసి ఉంటాయి. పళ్లేల దుకాణమనుకుని వెనకటికి ఒకావిడ లోపలికొచ్చిందని అతనే చెప్పి నవ్వుతాడు.

ముందు చక్రాలు విప్పి, డిస్కుని ఒత్తిపట్టి ఆపే పాత ప్యాడ్లు బయటికి తీసి, వాటిని ట్యూబులైటు కింద తిప్పాడు.

"చూడండమ్మా ఎలా మెరుస్తున్నాయో."

ఆమె చేతిలోకి తీసుకుంది. నల్లటి ప్యాడు ముఖం అద్దంలా నున్నగా ఉంది. ఆమె పళ్ల సెట్లు చేసే ల్యాబులో పని చేస్తుంది. అత్తగారి పై వరస కూడా ఆమె చేసిందే. ఎదుటి పన్నుతో గట్టిగా కలవకుండా, ఊరికే ఒరుసుకుంటూ పోయే పన్నుకి కొన్నాళ్లకి సరిగ్గా ఇలాంటి నునుపే వస్తుంది.

"గాజుబారాయి" అన్నాడు నిదానం. "అరుగుదల చూస్తే ఇంకా సగం పైనే ఉంది. కానీ ఎప్పుడూ గట్టిగా తొక్కించుకున్న పాపాన పోలేదు. బ్రేకు ఆయిలు కూడా పాతబడింది, మార్చేద్దాం. టైర్లు కొత్తవే. చివరికి కారుని ఆపేది అవే, వాటికో దణ్ణం పెట్టుకోండి. సరే, ఎలాంటి ప్యాడ్లు కావాలి?"

"తొందరగా ఆగాలి. కానీ కుదుపు ఉండకూడదు."

"అంటే తడవకుండా స్నానం చెయ్యాలి."

"నవ్వకండి. పక్కన పెద్దావిడ కూర్చుంటారు."

"ఆ పెద్దావిడకి వ్యాను గుద్దితే కుదుపు లేదా?" అంటూనే మూడు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటిది మామూలు రకం. మెత్తనిది, చప్పుడు చెయ్యదు, చక్రాలకి మసి అంటదు, స్పోర్ట్స్ కారు వేగానికి చాలదు. మూడోది పందేల కార్లకి వేసేది. మధ్యది ఈ రెంటికీ మధ్యన: రోడ్డు మీదా పనిచేస్తుంది, గట్టిగానూ పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త కీచుమంటుంది, చక్రాలు నల్లబడతాయి.

ఆమె మూడో డబ్బా మీద వేలు పెట్టింది.

"అవి వేడెక్కితే పులులమ్మా. చల్లగా ఉంటే చెక్కముక్కలు. మీ ఇంటినుంచి ఫిజియో దాకా వెళ్లేసరికి వాటికి నిద్రే వదలదు."

"ఇవే పెట్టండి."

"నిదానం. ఆలోచించుకోండి."

"ఆలోచించుకున్నాను."

ఆలోచించుకోలేదు. తప్పు పెద్దదనిపించినప్పుడు మనిషికి మందు కూడా పెద్దదే కావాలనిపిస్తుంది. మధ్య డబ్బా ఆమెకి మరీ క్షమించినట్టుగా కనిపించింది.

మూతపడిన ఫర్నిచరు దుకాణం ముందు కార్లు పెట్టుకునే పెద్ద ఖాళీ స్థలం ఉంది. నేల మీద తెల్లగీతలతో కార్ల గడులు. అదే వాళ్ల కొలబద్ద. ఎర్ర బకెట్టు బోర్లించి, గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చి బకెట్టు దగ్గర బ్రేకు తొక్కితే కారు ఎన్ని గడులు దాటి ఆగుతుందో లెక్క. పాత ప్యాడ్లు విప్పకముందు అక్కడే ఒకసారి చూశారు. పదకొండు వచ్చింది. పందెం ప్యాడ్లతో మర్నాడు పొద్దున్నే వస్తే, పిల్లిని తొక్కినట్టు అరుచుకుంటూ పన్నెండు దాటి ఆగింది.

నిదానం బకెట్టు మీద కూర్చుని తల గోక్కున్నాడు. "నేను ముందే చెప్పానని ఇప్పుడు చెప్పను" అన్నాడు.

మధ్య డబ్బా తెరిచారు.

కొత్త ప్యాడ్లకి పట్టు రావాలంటే ముందు వాటిని డిస్కుకి అలవాటు చెయ్యాలి. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోతూ గట్టిగా తొక్కి, పూర్తిగా ఆగకముందే వదిలి, మళ్లీ వేగం పెంచి మళ్లీ తొక్కాలి. అలా పదేపదే. ఆ పని నిదానమే చేశాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఆ సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

అతను తొక్కిన ప్రతిసారీ బెల్టు ఛాతీకి బిగుసుకుంది, తల ముందుకి పోయింది. భయం వెయ్యలేదు. వేసింది అవమానంలాంటిది. ఎవరో వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టు, అది కూడా సారీ చెప్పకుండా. ఇంత మొరటుగా ఒక మనిషిని కుదపడం తనవల్ల కాదని ఆమెకి అనిపించింది. అలా అనిపించడం మంచి గుణమేనని కూడా అనిపించింది. మాడు వాసన కారులోకి వచ్చింది.

"ఇదే వాసన రావాలి" అన్నాడు నిదానం, పాయసం పొంగినంత సంతోషంగా. "ఇప్పుడు వీటికి ప్రాణం వచ్చింది."

శనివారం ఆమె తోలింది. తొమ్మిది గడులు. ఇంకోసారి. ఎనిమిది. నిదానం బకెట్టు తీసి డప్పు వాయించాడు. ఆమె ఇంటికెళ్లి వంటగది గుమ్మంలో నిలబడింది.

"రేపు పొద్దున్న వచ్చి చూడండి అత్తయ్యా. ఆగుతోంది."

"వస్తాను. బస్సులో."

ఆదివారం ఎండ ఇంకా పదునెక్కకముందే అత్తగారు బస్సు దిగి వచ్చారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మడతపెట్టే స్టూలు. బకెట్టుకి కాస్త పక్కగా, కారు దారికి దూరంగా స్టూలు వేసుకుని, గొడుగు విప్పి, పరీక్షహాలులో ఇన్విజిలేటరులా కూర్చున్నారు.

ఆమె దూరంగా వెళ్లి తిరిగి, అరవైతో వచ్చి తొక్కింది. ఎనిమిది గడులు.

"చూశారా అమ్మగారూ! ఎనిమిది!" నిదానం అవతలి చివరినుంచి అరిచాడు.

"ఇంకోసారి" అన్నారు అత్తగారు.

మళ్లీ ఎనిమిది.

"ఇంకోసారి."

ఈసారి ఏడున్నర. ఆమె కారు దిగి వచ్చింది. మొహం మీద నవ్వు రాబోతోంది గానీ, అత్తగారి మొహం చూసి దాన్ని సగంలోనే ఆపుకుంది.

"ఏమయ్యా, నువ్వు ఎటు చూస్తున్నావ్?" అని నిదానాన్ని అడిగారు అత్తగారు.

"కారు ఆగే చోటు అమ్మగారూ. గడులు లెక్కెట్టాలి కదా."

"అదీ సంగతి. నేను మొదలుపెట్టే చోటు చూస్తున్నాను. కారు బకెట్టు దగ్గరికి రాకముందే దాని ముక్కు కిందికి వంగుతోంది. మూడుసార్లూ అంతే."

"లేదత్తయ్యా" అంది ఆమె. "సరిగ్గా బకెట్టు దగ్గరే తొక్కాను."

"ముందే తొక్కావు అమ్మాయ్."

ఆమె తన జ్ఞాపకంలోకి వెళ్లి వెతికింది. ఎర్ర బకెట్టు కిటికీకి సమంగా రావడం, కాలు దిగడం, రెండూ ఒక్కసారే, ఫొటో తీసినంత స్పష్టంగా ఉన్నాయి. ఆ స్పష్టతే ఆమెకి అనుమానం తెప్పించింది. అరవైతో పోతున్న మనిషికి ఏదీ అంత స్పష్టంగా కనిపించదు. ఆ ఫొటో మనసు తర్వాత తీసుకున్నది. అంటే ఆమె ఎవరికీ అబద్ధం చెప్పలేదు. కాలే ఆమెకి చెప్పింది.

"బాధపడకు" అన్నారు అత్తగారు. "నా దగ్గర టైపు పరీక్షకి కూర్చున్నవాళ్లు గంట కొట్టకముందే మొదటి అక్షరం కొట్టేసేవాళ్లు. అడిగితే లేదు మేడం అని ఒట్టేసేవాళ్లు. నిజంగానే లేదనుకునేవాళ్లు పాపం. బకెట్టు తీసెయ్యి నాయనా. ఎక్కడ ఆపాలో ముందే తెలిస్తే ఎవరైనా ఆపుతారు. ఆ వ్యాను ముందే చెప్పి ఆగిందా?"

చేతిసంచిలోంచి తెల్ల రుమాలు తీశారు. కారు వస్తున్నప్పుడు తనకి తోచిన చోట దాన్ని కింద పడేస్తారు. అప్పుడు ఆపాలి.

రుమాలు పడింది. ఆమె చూసింది, తొక్కింది. కారు మెత్తగా, తివాచీ మీద నడిచినట్టు, ముందుకి సాగి సాగి ఆగింది. రుమాలు పడినప్పుడు కారున్న చోటునుంచి, కాలు కదిలేలోపు పోయిన దూరంతో కలిపి, పదిహేడు గడులు. ఇంకోసారీ అంతే.

నిదానం చెయ్యి చాపి తాళంచెవి అడిగాడు. తనే ఎక్కాడు. రుమాలు పడింది, కారు ముక్కు నేలకి రాసుకుంటుందా అన్నంతగా వంగింది, వెనకభాగం లేచింది. పన్నెండు.

అదే కారు, అవే ప్యాడ్లు. కారు చూసుకోవడానికి వచ్చేవాడు ఈపాటికి ఇంట్లో బయల్దేరే ఉంటాడు.

"మేడం" అన్నాడు నిదానం. కస్టమరుకి చెడ్డ మాట చెప్పాల్సి వచ్చినప్పుడే అతను అమ్మా మానేసి మేడం అంటాడు. "పెడలు చివరిదాకా తొక్కితే కాలికింద గడగడా కొట్టుకుంటుంది. చక్రాలు బిగుసుకుపోకుండా కారే చేసుకునే ఏర్పాటు అది. మీకు ఎప్పుడైనా అలా కొట్టుకుందా?"

"లేదు."

"మరి అంతే. మీరు బ్రేకు తొక్కట్లేదు. బతిమాలుతున్నారు."

అత్తగారు గొడుగు కింద నుంచి ఆమె వైపు చూస్తున్నారు. "ఎందుకు పూర్తిగా తొక్కవు? కాలు నొప్పా?"

"మీకు కుదుపు తగులుతుందని..."

"నేను కారులో ఎక్కడున్నాను? ఇదిగో స్టూలు మీదున్నాను."

అదీ నిజమే. పక్క సీటు ఖాళీగా ఉన్నా తన కాలు అలాగే తొక్కుతుంది. సందులో కుక్క అడ్డొచ్చినా, వ్యాను అడ్డొచ్చినా. గుద్దిన రోజు వ్యాను వెనక భాగం అద్దం నిండా పెద్దదవుతున్నప్పుడు కూడా కాలు తన ఒత్తిడి మార్చుకోలేదు. అది భయంతో బిగుసుకుపోవడం కాదని ఇప్పుడు ఆమెకి తెలుస్తోంది. ఆ క్షణంలో కూడా ఆమె ఏదో ఒలికిపోకుండా చూసుకుంటోంది.

"నిండు గ్లాసు" అంది.

"ఏ గ్లాసు?"

"మీరే అన్నారుగా. నా పక్కన కూర్చుంటే ఒళ్లో నిండు గ్లాసు పెట్టుకోవచ్చని. చుక్క తొణకదని."

"నేనా? ఎప్పుడు?"

"మొదటి వారం. ఫిజియో నుంచి వచ్చాక, దిగుతూ."

అత్తగారు గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించారు. కళ్లజోడు సర్దుకుని దుకాణం బోర్డు వైపు, అందులో ఊడిపోయిన అక్షరాల వైపు చూశారు. గుర్తు రాలేదు. ఇన్నాళ్లుగా ఒకరి పాదాన్ని ఏలిన మాట, అన్న మనిషి దగ్గర ఆనవాలైనా లేదు.

"ఏమోనే. ఏదో కాళ్లు లాగక హాయిగా ఉండి అనుంటాను. నేనొక మంచి మాట అన్నానని, పట్టుకెళ్లి వ్యానుకేసి కొట్టావటే నన్ను?"

ఆవిడ తనతో ఇలా 'నే', 'టే' అని మాట్లాడటం ఆమె అంతకుముందు వినలేదు. ఇంట్లో ఎప్పుడూ అమ్మాయ్, లేకపోతే కొడుకు ద్వారా వచ్చే 'రమ్మను', 'తినమను'. ఆ 'టే' ఎక్కడో తగిలింది. నొప్పి పుట్టేలా కాదు. నిదానం నవ్వాపుకోలేక బకెట్టు ఎత్తుకుని అటు తిరిగాడు.

అత్తగారు గొడుగు మడిచి అతని చేతిలో పెట్టి లేచారు. కారు దగ్గరికెళ్లి, తలుపు తెరిచి, ఒక చెయ్యి పైకప్పు మీద, ఒక చెయ్యి సీటు మీద ఆనించి, మోకాలిని తిట్టుకుంటూ కూలబడ్డారు.

"అత్తయ్యా, వద్దు. నిదానం గారు తోలతారు, ఆయన పక్కన కూర్చోండి కావాలంటే."

"నేను ఆయన కారులో ఫిజియోకి వెళతానా? ఎక్కు. ఈ బెల్టు పెట్టు, నాకు అందట్లేదు."

ఆమె బెల్టు లాగి బిగించింది. మళ్లీ భుజానికీ భుజానికీ జానెడు దూరం. ఈ వారం రోజుల తర్వాత అది మరీ దగ్గరగా అనిపించింది.

"నేను ఆపు అంటాను. ఆపు."

ఖాళీ స్థలం చివరికి వెళ్లి తిరిగి, వేగం అందుకున్నారు. సగం దూరంలో అత్తగారు "ఆపు" అన్నారు. క్లాసులో ఇక చాలు లేవండి అన్నట్టు. ఆమె తొక్కింది. కారు తల ఊపి, ఆలోచించి, ఆగింది.

నిదానం గడులు లెక్కపెట్టబోయి మానేశాడు.

అత్తగారు ముందున్న అద్దంలోంచి గీతల వైపు చూశారు. "నేను ఎలా చెప్పానో నువ్వూ అలాగే ఆపావు" అన్నారు. ఆ గొంతు పాత గొంతు, మామగారి గురక గురించి చెప్పినప్పటిది. "ఆ రోజు వ్యానుని నేనూ చూశాను."

ఆమె తల తిప్పింది.

"నీకంటే ముందే చూశానేమో. కుర్చీల కట్టు వదులుగా ఊగుతోంది, అది కూడా చూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఈ సీటుకి నోరుండకూడదు. మీ మామగారి రూలు. పెళ్లైన కొత్తలో ఒకసారి అదిగో లారీ అన్నాను. కారు ఆపేసి, నువ్వు తోలతావా అన్నారు. నాకు తోలడం రాదని తెలిసే. అంతే, మళ్లీ నోరెత్తలేదు. ఆయన పోయారు, రూలు పోలేదు. పైగా నీతో ఇంకా మొహమాటం. చెప్తే నీ మీద నమ్మకం లేనట్టుంటుంది కదా. చూసే ఉంటావులే అనుకున్నాను. అనుకుంటూ అనుకుంటూ వెళ్లి గుద్దుకున్నాం."

ఆవిడ ఒళ్లోని చేతిసంచి సర్దుకున్నారు.

"అందుకే కూర్చోనన్నాను. నీ బ్రేకు మీద కోపం కాదు. కూర్చుంటే మళ్లీ నోరు మూసుకునే కూర్చుంటాను. రెండోసారి నోరు మూసుకోవడం కంటే బస్సు నయం."

ఇద్దరూ ఒకే వ్యానుని చూశారు. ఇద్దరూ రెండోవాళ్లని నొప్పించకూడదనుకున్నారు. ఒకరు గొంతు నొక్కుకున్నారు, ఒకరు కాలు. ఇది తెలిస్తే ఆ వ్యాను డ్రైవరు ఏమనుకుంటాడో అని ఒక వెర్రి ఆలోచన వచ్చి పోయింది.

"మళ్లీ తిప్పు" అన్నారు అత్తగారు.

తిప్పింది. వేగం అందుకుంది. అత్తగారు ఈసారి గీతల వైపు చూడలేదు. ఫిజియో పిల్ల కొత్తగా నేర్పిన వ్యాయామం గురించి మొదలుపెట్టారు. గోడకి వీపు ఆనించి కూర్చున్నట్టు నిలబడాలట, కుర్చీ లేని కుర్చీ అట, ఈ వయసులో నాకీ సర్కసేమిటే అంటే...

"ఆపవే!"

అది క్లాసు గొంతు కాదు. గొంతే కాదు, లోపల ఎక్కడో చాలాకాలంగా మూసిపెట్టిన తలుపు విరిగిన చప్పుడు. ఎదురుగా ఏమీ లేదని ఆమెకి తెలుసు. అయినా ఏదో ఉందని కాలు నమ్మింది. నిర్ణయించుకునే వ్యవధి లేదు. ఒత్తిడి కొలుచుకునే వ్యవధీ లేదు. పెడలు చివరిదాకా వెళ్లింది, కాలికింద గడగడా కొట్టుకుంది. బెల్టు ఊపిరిని పట్టుకుంది. డాష్‌బోర్డు మీది సామానంతా ముందుకి దూకింది. అత్తగారి చేతిసంచి కాళ్ల దగ్గర తలకిందులై మాత్రలూ, బస్సు టిక్కెట్లూ, దువ్వెనా కక్కుకుంది. కారు ఆగింది.

ఆగాక కూడా కొంతసేపు ఇద్దరూ సీట్లోకి వెనక్కి ఆనలేదు.

"అత్తయ్యా. తగిలిందా? భుజమా? అత్తయ్యా?"

అత్తగారు ముందు నోరు తడుముకున్నారు. రెండు వేళ్లతో పై వరస కదిపి చూసుకున్నారు.

"నువ్వు చేసిన పళ్లు కదల్లేదే" అన్నారు, ఆశ్చర్యంగా. "ఇంతలా అరిచినా."

ఆమెకి నవ్వూ ఏడుపూ కానిదేదో వచ్చింది. స్టీరింగు మీద నుదురు ఆనించింది. తను ఇప్పుడు ఒక ముసలావిడని మెడ పట్టి తోసినంత పని చేసింది. ఆవిడ తిట్టలేదు, దిగిపోలేదు. ఒలికింది ఒలికింది. ఒలికినవి ఏరుకుంటే సరిపోయేటట్టుంది.

నిదానం గొడుగు చంకలో ఇరికించుకుని పరుగెత్తుకొచ్చాడు. "అదీ! అదీ ఆపడమంటే! ఎన్ని గడులు? అమ్మగారూ, ఎక్కడున్నప్పుడు అరిచారు?"

"నాకేం తెలుసు? నేను కారులో ఉన్నాను."

"అమ్మా, మీకైనా..."

"నేను చూడలేదండీ."

నిదానం వెనక్కి, ముందుకి చూసి, తెల్లగీతల మధ్య నిస్సహాయంగా నిలబడ్డాడు. వారమంతా అన్నీ కొలిచారు. కొలవాల్సిన ఒక్కదానికి మొదలు దొరకలేదు.

"పోనీ, ఇంకోసారి చేద్దామా?" అన్నాడు.

"చాల్లేవయ్యా. మళ్లీ అలా అరవమంటే నా వల్ల కాదు" అన్నారు అత్తగారు, కిందికి వంగి కళ్లజోడూ, మాత్రలూ వెతుక్కుంటూ. ఆ తర్వాత కోడలితో, "నావల్ల అవుతుందిలే. అవసరమైతే" అన్నారు.

స్టూలూ, గొడుగూ సీట్ల వెనక ఇరికించి బయల్దేరారు. చల్లారిన బ్రేకులు మొదటి మలుపులో కీచుమన్నాయి.

"ఏమిటా కూత?"

"ఈ రకం అంతే అత్తయ్యా. చల్లగా ఉంటే కూస్తాయి."

"కూయనీ. ఉన్నట్టు తెలుస్తుంది. అదిగో సైకిలు."

"చూశానత్తయ్యా."

"చూశావని నాకెలా తెలుస్తుంది? అదిగో, ఆ కారు తలుపు తెరుస్తున్నాడు. ఆ సందులోంచి ఎవరో వస్తున్నారు. రారులే, ఆగారు. సిగ్నల్ పసుపు అయింది."

"అయింది."

"నేను చెప్పక ముందే చూశావా?"

"చూశాను."

"సరే. అయినా చెప్తాను."

ఇలా ఇల్లు చేరేదాకా సాగింది. ఆమెకి రెండుసార్లు విసుగొచ్చింది. ఆ విసుగుని మింగకుండా, "అత్తయ్యా, అది చెత్తకుండీ, అదెక్కడికీ రాదు" అని పైకే అనేసింది. అత్తగారు "ఏమో, గాలికి దొర్లొచ్చు" అన్నారు. తన విసుగు బయటికి వచ్చాక కూడా పక్క సీట్లో మనిషి ఉండటం ఆమెకి కొత్తగా ఉంది.

గేటు దగ్గర భర్త, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఇంకొకాయన నిలబడి ఉన్నారు. ఆయన అప్పుడే కారు చక్రాల వైపు, వాటికి అంటిన కొత్త మసి వైపు చూస్తున్నాడు.

భర్త ముందుకొచ్చి పక్క తలుపు తెరిచాడు. "అమ్మా, నువ్వు ఇందులో వచ్చావేంటి? దిగు" అని చెయ్యి చాచాడు.

అత్తగారు ఆ చెయ్యి అందుకోలేదు. కూర్చునే ఉన్నారు. ఆమె ఇంజను ఆపి, దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు. అప్పుడు తన చెయ్యి పైకెత్తారు. ఆమె పట్టుకుని లాగింది, ఎప్పుడూ లాగే దానికంటే కాస్త గట్టిగానే.

"ఏమైంది?" అన్నాడు భర్త. "ఆగుతుందా మరి?"

అత్తగారు మొహం మీంచి కళ్లజోడు తీసి కొడుకు చేతిలో పెట్టారు. ఒక కాడ వంకరపోయి, చెవికి ఆనే చోట పూర్తిగా బయటికి తిరిగి ఉంది.

"ఆగుతుంది" అన్నారు. "ఇది సరిచేయించుకురా."